మా బావ పెట్టిన నూరు రూపాయల కోత

నా మొత్తం జీవితంలో జనం ముందు నిలబడి నేను చేసిన ఉపన్యాసం ఒక్కటే. అది మూడు నిమిషాలకు మించలేదు. దానితో శాసనసభలో ఒక పార్టీ నాయకుడి కుర్చీ ఊడిపోయింది. నిమిషాల లెక్కన చూస్తే ఇంత ఫలితం రాబట్టిన వక్త తాండూరు చుట్టుపక్కల ఇంకొకడు లేడు. చిక్కల్లా ఏమిటంటే ఆ కుర్చీ ఎదుటివాళ్లది కాదు, మా బావది. ఆయన గెలవాలని కోరుకున్నవాళ్లలో నేనే మొదటివాణ్ణి. ఏడో తరగతి రెండుసార్లు చదివి, రెండోసారి కూడా కథ ముగింపు మారకపోవడంతో బడి వదిలేసినవాణ్ణి. అలాంటివాడి చేతికి అచ్చు కాగితం ఇచ్చి నలుగురిలో వదలకూడదని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

పోయిన నెల వికారాబాదులో మా మేనకోడలు ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది సామాను దింపించింది. ఫోను చేసి, "మామా, నాయిన కాగితాల మూట ఎల్లింది. సగం ఉర్దూల ఉన్నయి. నువ్వొచ్చి చూస్తవా, పాత సామాన్ల కబాడోనికి ఇయ్యాల్నా?" అంది. నేను చదివిన ఏడు తరగతులూ నిజాం కాలపు బడిలోనే గనుక నాకు ఉర్దూ రాదనడానికి వీల్లేదు. వచ్చనడానికి సాక్ష్యమూ లేదు. అయినా వెళ్లాను. మూట నల్ల గొంగడితో కట్టి ఉంది. ముడి విప్పగానే గొర్రెల వాసన లేచింది. ఇన్నేళ్లు అటక మీద ఎండి కూడా ఆ గొంగడి తాను ఎవరి వీపు మీది ఉన్నినో మరిచిపోలేదు. లోపల శాసనసభ కాగితాలు, సంవత్సరాల వారీగా కాకుండా పురుగులు తినగా మిగిలిన వారీగా ఉన్నాయి. పనివాళ్లు గోడలు గోకుతుంటే, వరండాలో కుర్చీ వేసుకుని ఒక్కొక్కటే తీశాను. నాకు కావలసింది ఏదో నాకు తెలుసు. అది దొరక్కపోతే బాగుండునని కూడా ఉంది. దొరికింది. ఇంగ్లీషు కింద తెలుగు అచ్చువేసిన ఒక పొడుగు కాగితం, దాని మధ్యలో మా బావ పేరు, బీరయ్య అని.

ఆ రోజుల్లో మా బావ ఇల్లు వికారాబాదు స్టేషను వెనక, రైలు కూత వేస్తే గిన్నెలు కదిలేటంత దగ్గర. పైకప్పు నాపరాళ్లు, కింద నాపరాళ్లు, పశువుల తొట్టి కూడా నాపరాయే. తాండూరు బండలు లేకపోతే మా వైపు ఇల్లన్నది లేదు. మా నాయన పోయాక అక్క నన్ను తనతో తెచ్చుకుంది. అలా నేను పెళ్లి కాని బామ్మర్దిగా ఆ ఇంట్లో చాలా ఏళ్లు ఉన్నాను. ఇంట్లో పొద్దున మూడు వాసనలు వరసగా వచ్చేవి. మొదట దొడ్లో గొర్రెలవి, తరువాత బొగ్గు ఇంజనుది, ఆ తరువాత జొన్నరొట్టెది. మొదటి రెండూ ఎప్పుడొచ్చినా ఫరవాలేదు గానీ మూడోది రాగానే అందరం పొయ్యి చుట్టూ చేరేవాళ్లం. మా బావ మాత్రం తినడానికి కాదు, మాట్లాడడానికి వచ్చేవాడు.

ఆయన ఉపన్యాసం నేర్చుకునే పద్ధతి లోకంలో ఇంకెవరికీ ఉండదు. శాసనసభలో ఒక్కో పార్టీకి దాని బలాన్ని బట్టి మాట్లాడే సమయం ఇస్తారు. మా బావ పార్టీలో సభ్యులు అయిదుగురు. అందుకని ఆయన వంతుకు ఒక్కోసారి ఆరు నిమిషాలు, ఒక్కోసారి నాలుగు. ఇంట్లో గడియారం లేదు. అక్క జొన్నరొట్టె తట్టి, పెనం మీద వేసి, తిప్పి, దించేసరికి రెండు నిమిషాలని ఎవరో ఎప్పుడో లెక్క తేల్చారు. కాబట్టి ఆరు నిమిషాల ప్రసంగమంటే మూడు రొట్టెలు. బావ భుజాన గొంగడి వేసుకుని, పొయ్యికి ఎదురుగా నిలబడి, "అధ్యక్షా" అని మొదలుపెట్టేవాడు. చేతిలోని కాగితం మీద తెలుగు మాటలే ఉర్దూ అక్షరాల్లో రాసుకునేవాడు. ఆయనకూ చదువు ఉర్దూలోనే గదా. మూడో రొట్టె దించగానే అక్క పట్టకారుతో పెనం అంచు మీద టంగుమని కొట్టేది. అది గంట. ఆ పైన ఒక్క మాట చెల్లదు.

"ఒక్క నిమిషం అధ్యక్షా, అసలు ముచ్చట ఇంక రానేలేదు," అనేవాడు బావ.

"అసలు ముచ్చట మొదాలు చెప్పుకోరాదు? గొర్లు, గొర్లు, గొర్లు అని రెండు రొట్టెలు తినేస్తివి," అనేది అధ్యక్షుల వారు, చేతులకు పిండితో.

ఆయన నాయకుడైన తీరు కూడా చెప్పాలి. పోలీసు యాక్షన్ నాటికి ఆయన వికారాబాదులో ఒక వకీలు దగ్గర గుమాస్తా. మా కురుమోళ్లు గొర్రెలు మేపుకోవడానికి అడవికి పన్ను కట్టాలి. ఎక్కువ వసూలు చేశారని, గొర్రెను పట్టుకుపోయారని రోజూ ఎవరో ఒకరు ఏడుస్తూ వచ్చేవారు. బావ వాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాడు. నవాబుపేట నుంచి మోమిన్‌పేట దాకా ఆయన చేతి రాత పోని ఊరు లేదు. మొదటి ఎన్నికలు రాగానే ఆ అర్జీలన్నీ ఓట్లై తిరిగొచ్చాయి. రెండోసారీ గెలిచాడు. అప్పటికి రాష్ట్రాలు కలిసి సభ పెద్దదైంది, పార్టీ చిన్నదైంది. పార్టీ పేరు రాయడం లేదు. అది ఇప్పుడు లేదు, రాసినా మీకు గుర్తురాదు. అయిదుగురిలో ఇద్దరికి ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఒకాయనకు చెవుడు. ఒకాయన పంట కాలంలో ఊరు కదలడు. మిగిలినాయన మా బావ. అలా ఏకగ్రీవంగా నాయకుడయ్యాడు. నాయకుడికి ముందు వరసలో కుర్చీ, పార్టీకి సభ ఆవరణలో ఒక గది ఇచ్చారు. అయిదుగురు ఉంటేనే ఆ రెండూ ఉంటాయని, ఒక్కరు తగ్గినా పోతాయని బావ చెప్పేవాడు. ఆ గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు. అయిదుగురూ ఒకేసారి రారు గనుక ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఇంట్లో ఈ నాయకత్వానికి ఎదురు నిలిచింది బావ తల్లి. మేమంతా అవ్వ అనేవాళ్లం. చెవిలో పోగులు బరువుకు భుజాల దాకా వేలాడేవి. పొద్దంతా దొడ్లో గొర్రెపిల్లల మధ్య కూర్చుని ఉన్ని వడికేది. శాసనసభంటే ఆమె దృష్టిలో కులపంచాయతీ లాంటిదే, కాస్త దూరంగా పెట్టారు, అంతే. బావ సభ నుంచి రాగానే కదురు ఆపకుండా అడిగేది.

"ఇయ్యాలన్న గెలిచినవా బిడ్డా?"

"లేదవ్వా. ఓట్లు పెడితే మేం అయిదుగురమే లేస్తం గదా."

"నిన్న?"

"నిన్న ముగ్గురమే ఉంటిమి."

"మరి దినాం ఓడిపోనీకె గంత దూరం రైలెక్కి ఎందుకు పోతవు? గీడనే ఓడిపోరాదు?"

బావ నవ్వేవాడు. ఆయన నవ్వు నాకు ఇప్పటికీ కళ్లముందుంది. తప్పు దొరికిన పిల్లవాడి నవ్వు కాదు, ఎదుటివాడు సరైన ప్రశ్న వేశాడని ముచ్చటపడే మేష్టరు నవ్వు. జవాబు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

పొద్దున ఇద్దరం ఒకే ప్లాట్‌ఫారం మీద నిలబడేవాళ్లం. ఆయన హైదరాబాదు వైపు, నేను తాండూరు వైపు. సీతాఫలాల కాలంలో గంపలు తప్పుకుంటూ నడవాల్సి వచ్చేది. అనంతగిరి కొండ మీది నుంచి తెచ్చిన పండ్ల వాసనకు బొగ్గు పొగ కూడా తియ్యగా అనిపించేది. తాండూరు స్టేషను దగ్గర నాకు సైకిలు షాపు ఉండేది. అద్దెకు ఏడు సైకిళ్లు, రిపేరుకు నేను. వారపు సంత జరిగే అంగడి రోజున బావ సభకు సెలవు పెట్టి నాతో వచ్చి షాపు ముందు బల్ల మీద కూర్చునేవాడు. అదే ఆయనకు తాండూరు ఆఫీసు. పంచరు వేసే సొల్యూషన్ వాసన మధ్య పంటలు, పట్టాలు, తగాదాలు అన్నీ విచారణకు వచ్చేవి. నేను ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తూ మధ్యమధ్యలో చమత్కారాలు విసిరేవాణ్ణి. జనం ఆయన కోసం వచ్చి నా కోసం ఆగేవారు. కనీసం నేనలా అనుకునేవాణ్ణి.

ఒక అంగడి రోజున బసప్ప వచ్చాడు. యాలాలు దారిలో బండలు తీసే గనుల పక్కన గుడిసెల పేట ఒకటి ఉండేది. బండల పేట అనేవాళ్లం. ఆ పేటకు పెద్ద ఈ బసప్ప. నాపరాయి దుమ్ము వెంట్రుకల్లో, కనుబొమల్లో నిలిచిపోయి, ముప్పయ్యేళ్లకే తల నెరిసినట్టుండేవాడు. సరిహద్దు మనిషి గనుక తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ కన్నడంలోకి వెళ్లి మళ్లీ వచ్చేవాడు. చేతిలో ఇత్తడి లోటా ఉంది. దాన్ని బావ ముందు పెట్టాడు. తెల్లగా, చిక్కగా ఉంది.

"మజ్జిగ తెచ్చినవా బసప్పా?" అన్నాను.

"మజ్జిగనే అప్పా. మా ఆడోళ్లు దినాం గనిల దిగి తెస్తరు. లీడర్ సాబ్ జర రుచి చూడాలె."

బావ లోటా ఎత్తి తాగేశాడు. గనిలో నిలిచిన నీళ్లు అవి. రాతిపొడి పళ్ల కింద కరకరలాడడం పక్కన కూర్చున్న నాకు వినిపించింది. దగ్గి, మూతి తుడుచుకుని, "ఎంతమంది దిగుతరు?" అన్నాడు.

"అందరు. మొన్న కడుపుతోనున్న పిల్ల జారి పడ్డది. బతికింది. కడుపు పోయింది. మాకు ఒక్క బాయి కావాలె సాబ్. ఇంకేం వద్దు."

బావ అర్జీ రాశాడు. అర్జీ పోయింది, మళ్లీ రాశాడు, అదీ పోయింది. మూడోసారి తానే మంత్రిగారిని సభ వరండాలో పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అక్కకు చెప్పాడు. మంత్రిగారు భుజం మీద చెయ్యి వేసి, "మీ అయిదుగురూ వచ్చి మా వైపు కూర్చోండి బీరయ్యగారూ, బావి పని వచ్చే వారమే మొదలవుతుంది" అన్నారట.

"మరి పోరాదు? కూసునుడే గదా," అంది అక్క.

"కూసుంటే లేచి అడిగెటోడెవడు?" అన్నాడు బావ.

"బాయి అయితది గదా."

"ఒక్క బాయి అయితది. గంతటితోని అయిపోతది."

అక్క పట్టకారు మామూలు కంటే గట్టిగా కింద పెట్టింది.

బావకు మిగిలిన దారి కోత తీర్మానం. అదేమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. నాకూ అప్పుడు సగమే తెలుసు. బడ్జెట్టు సమయంలో సర్కారు, ఫలానా పనికి ఇంత సొమ్ము కావాలని సభను అడుగుతుంది. ఆ పని గురించి ఫిర్యాదు ఉన్న సభ్యుడు, ఆ సొమ్ములో నూరు రూపాయలు తగ్గించాలని ఒక తీర్మానం ఇస్తాడు. నూరు రూపాయలు తగ్గాలని ఎవరికీ ఉండదు. లేచి ఆ ఫిర్యాదు చెప్పుకోవడానికి అది టికెట్టు లాంటిది. చెప్పుకోవడం కాగానే ఓటు పెడతారు, తీర్మానం ఓడిపోతుంది, అందరూ టీకి వెళతారు. బావ రెండు రొట్టెల సమయానికి ప్రసంగం సిద్ధం చేసుకున్నాడు. ఈసారి అక్క మాట విని అసలు ముచ్చట ముందే పెట్టాడు, గని, జారిపడిన పిల్ల, తెల్ల నీళ్లు. సభలో చెప్పి వచ్చాడు. మంత్రి పరిశీలిస్తామన్నారట. అవ్వ కదురు తిప్పుతూ గెలిచావా అంది. లేదన్నాడు.

ఆ వారమే అంగడి రోజున బావ షాపుకు వచ్చి, కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, తహసీలు ఆఫీసులో పనుందని వెళ్లాడు. బండల పేటవాళ్లు పదిపదిహేను మంది వచ్చి ఆయన కోసం కూర్చున్నారు, బసప్పతో సహా. ఎండగా ఉంది, నాకు పని లేదు, వినేవాళ్లు ఉన్నారు. ఈ మూడూ కలిసినప్పుడు నేను ఊరుకున్న రోజు లేదు. కట్టలోంచి పై కాగితం తీశాను. అందులో రెండు వాక్యాలున్నాయి. మొదటిది, బండల పేటలో తాగునీటి వసతి లేకపోవడాన్ని చర్చించడానికి అని. రెండోది, తాగునీటి పద్దు నుంచి నూరు రూపాయలు తగ్గించాలి అని. నేను బల్ల ఎక్కి, గాలి పంపును మైకులా పట్టుకుని, బావ గొంతుతో "అధ్యక్షా" అన్నాను. అందరూ నవ్వారు. మొదటి వాక్యం మింగేసి రెండోది చదివాను.

"ఇనుండ్రి! పోయినసారి మీ పేట ఓట్లు జర తక్కువ పడ్డయని మా బావకు కోపమొచ్చింది. గందుకని మీ బాయి పైసల నుంచి నూరు రూపాయలు కోసెయ్యుండ్రి అని సర్కారుకు రాసిచ్చిండు. ఇగో, అచ్చుల ఉంది, పేరు గూడ ఉంది. అధ్యక్షా, నూరు రూపాయలు పోంగ మిగిలినదానికి ఎంత బాయి వస్తదో అంతనే తవ్వుండ్రి. చారెడు నీళ్లు ఊరితే సాలు. మనిషికో చుక్క, పండుగకు రెండు చుక్కలు!"

ఇంకా ఏవేవో అన్నాను. నవ్వి నవ్వి ఒకతను దగ్గులో పడ్డాడు. బసప్ప కూడా నవ్వాడు, దుమ్ము కనుబొమల కింద పళ్లు మెరిశాయి. నేను బల్ల దిగి ట్యూబు అతికించుకోవడం మొదలుపెట్టాను. ఉపన్యాసం అంతే.

నెల తిరక్కుండా ఆ మాట నాకంటే వేగంగా తిరగడం మొదలుపెట్టింది. యాలాలులో ఒకడు సైకిలు తిరిగిస్తూ, "మీ బావ బాయి పైసలు కోయిపిచ్చిండంట గదా, నిజమేనా?" అన్నాడు. వాడు నవ్వడం లేదు. ఎన్నికలు దగ్గరపడేసరికి ఎదుటి పార్టీవాళ్లు అదే అచ్చు కాగితం ఎక్కణ్ణుంచో సంపాదించి ఊరూరా చూపించారు. వాళ్లకు నా మొదటి వాక్యం మింగే విద్య ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. ఒక పొద్దున రొట్టెల దగ్గర బావకు చెప్పక తప్పలేదు. అక్క పట్టకారు ఎత్తింది, ఈసారి పెనం మీద కొట్టడానికి కాదు. బావ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వాడు లేనిది చదవలే. అచ్చుల గట్లనే ఉంది. తెలువనోళ్లకు చెప్పాలె గదా. నేనే పోయి చెప్తా," అన్నాడు.

మర్నాడే ఇద్దరం తాండూరులో దిగి, షాపులోని రెండు మంచి సైకిళ్లు తీసుకుని బండల పేటకు వెళ్లాం. మేం చేరేసరికి ఆడవాళ్లు గనికి బయలుదేరుతున్నారు. లీడర్ సాబ్ వచ్చాడని బసప్ప అందరినీ ఆపాడు. వాళ్లు బిందెలు చంకన పెట్టుకునే నిలబడ్డారు. నీడ లేదు. చుట్టూ కోసిన బండలు పేర్చి ఉన్నాయి, వాటి మీద ఎండ పడి కళ్లకు మిరుమిట్లు గొలుపుతున్నాయి. బావ ఒక బండ మీద నిలబడి మొదలుపెట్టాడు. పదేళ్లుగా ఆయన ఆరు నిమిషాల మనిషి. ఆ రోజు గంట కొట్టేవాళ్లు లేరు. మొదటిసారి ఆయన తన మాట తాను పూర్తిగా చెప్పుకున్నాడు. బడ్జెట్టంటే ఏమిటో చెప్పాడు, పద్దంటే చెప్పాడు, సభ ఎలా కూర్చుంటుందో నేల మీద రాళ్లు పెట్టి చూపించాడు.

"గీ పక్క సర్కారోళ్లు. గీ రాళ్లన్ని వాళ్లే. గీడ మూలకు ఉన్నయి సూడుండ్రి అయిదు రాళ్లు, గవి మేము. కోత పెట్టినమంటే కొయ్యనీకె కాదు, మాట్లాడనీకె. ఓట్లల్ల మేం ఓడిపోతం. ఓడిపోతమని తెలిసే పెడతం. ఎన్నడు గెలువలే, గెలువం గూడ. గానీ పెడితేనే మీ కష్టం ఆడ రాసుకుంటరు. సమజయిందా?"

"అయింది సాబ్," అన్నాడు బసప్ప.

"ఎవరికన్న కాకపోతే అడుగుండ్రి. మళ్ల చెప్తా."

ఒక ముసలామె అడిగింది. మళ్లీ చెప్పాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆడవాళ్లు బిందెలు ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నారు. ఎవరూ కదల్లేదు. నాకు ఒక్క చమత్కారమూ తోచని రోజు అదొక్కటే. తిరిగి వస్తూ బావ సైకిలు మీద కూనిరాగం తీశాడు. "ఇయ్యాల మంచిగ చెప్పిన గదరా. ఒక్క ముచ్చట గూడ ఇడువలే," అన్నాడు. నేను అవునన్నాను. నిజంగానే బాగా చెప్పాడు. ఆ రాళ్ల సభ చూసి నాకే మొదటిసారి కోత తీర్మానం పూర్తిగా అర్థమైంది.

ఎన్నికల్లో ఓడిపోయాడు. తేడా ఎంతో కాదు, ఒక్క బండల పేట ఇటు మొగ్గినా సరిపోయేది. పేట మొత్తం అటు మొగ్గిందని లెక్కింపు దగ్గర ఉన్నవాళ్లు వచ్చి చెప్పారు. పార్టీలో నలుగురు మిగిలారు. అందులో మాటల్లేని ఇద్దరూ కొద్దినెలల్లోనే సర్కారు పక్కకు వెళ్లి, అక్కడ ఒకే బెంచీ మీద కూర్చున్నారట. గది తాళాలు అడిగారు. బావ వెళ్లి తాళాలిచ్చి, తన కాగితాలు గొంగడిలో కట్టుకుని మధ్యాహ్నం బండికే తిరిగొచ్చాడు. స్టేషనులో నేను మూట అందుకోబోతే ఇవ్వలేదు. కోపంతో కాదు, బరువేం లేదన్నాడు. దొడ్లో అవ్వ అడిగింది, ఇంక పోనక్కర్లేదా అని. అక్కర్లేదన్నాడు. "మంచిగాయె. జీవాలకు ఆకు తే," అంది ఆమె.

ఆ తరువాత ఆయన ఎన్నికల్లో నిలబడలేదు. వరండాలో కూర్చుని పోయేదాకా అర్జీలు రాశాడు, మొదట్లో రాసినట్టే. పొద్దున పొయ్యి దగ్గరికి వచ్చేవాడు గానీ నిలబడేవాడు కాదు, పీట వేసుకుని తినేవాడు. అక్క కొన్నాళ్లు అలవాటు తప్పక మూడో రొట్టెకు పట్టకారు ఎత్తి, మళ్లీ దించేసేది. ఆ ఇంట్లో నన్నెవరూ ఏమీ అనలేదు. తిడితే తిరిగి ఒక మాట అని తప్పించుకునే విద్య నాకుంది. తిట్టనివాళ్ల దగ్గర అది పనికిరాదు.

ఇప్పుడు మా మేనకోడలి ఇంట్లో నీళ్లు డబ్బాల్లో వస్తాయి. డబ్బా తెచ్చే కుర్రాడు మోమిన్‌పేట వాడు, వాళ్ల ఊళ్లో బోర్లు ఎండిపోయాయని చెప్పాడు. సున్నం వేసే రోజు కూడా టీవీ ఆపలేదు. అందులో నలుగురు నాయకులు ఒకేసారి మాట్లాడుతున్నారు. గంట కొట్టేవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేదు. వాళ్లలో ఒకాయన పోయినసారి ఏ పార్టీలో ఉన్నాడని మేనకోడల్ని అడిగితే, "ఏ దినం సంగతి అడుగుతున్నవు మామా?" అంది. మా బావ కాలం గొప్పదని నేను అనను. అప్పుడు కడుపుతో ఉన్న పిల్లలు నీళ్ల కోసం గనుల్లో జారిపడేవారు. ఇప్పుడు పడరు. అడగడానికే అయిదుగురు మిగలాలని ఒకాయన రోజూ రైలెక్కి వెళ్లి ఓడిపోయి రావడం మాత్రం ఇప్పుడు ఎవరికి చెప్పినా నా ఇంకో చమత్కారం అనుకుంటారు. కాగితాలు కబాడీవాడికి ఇవ్వవద్దన్నాను. ఎందుకని ఆ పిల్ల అడిగితే మా అవ్వకు బావ చెప్పినంతే చెప్పాను.

ఇక చివరిది. ఎన్నికలైన ఏడాదికి బండల పేటలో బావి పడింది. కొత్త సభ్యుడు కొబ్బరికాయ కొట్టాడు. ఇంకో ఏడాది గడిచాక నేను ఆ దారిన యాలాలు వెళుతూ దాహమై ఆగాను. బసప్ప గిలక మీద చేద లాగుతున్నాడు. దోసిట్లో పోశాడు. నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి. తాగి, మూతి తుడుచుకుని, రెండేళ్లుగా లోపల మోస్తున్నదాన్ని చమత్కారంలో చుట్టి బయటపెట్టాను.

"బసప్పా, గీ బాయి మీద నా పేరు రాపియ్యాలె. ఆ దినం బల్లెక్కి నేను గా మజాక్ చెయ్యకపోతే మీరు మా బావకే ఓట్లేస్తుంటిరి. నా నోటితోనే ఆయన సీటు పోయింది, మీకు బాయి వచ్చింది."

బసప్ప చేద గట్టు మీద పెట్టి, నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నీ నోటితోనా? నీ మాట మీద ఎవరన్న ఓటేస్తరా అప్పా? అది మజాక్ అని మాకు తెల్వదా, ఆ దినమే మర్చిపోయినం. మీ బావ ఒచ్చి ఎండల నిలబడి, రాళ్లు పెట్టి మరీ సమజ్ చేసిండు. వాళ్లు గంతమంది, మేం అయిదుగురం, ఎన్నడు గెలువం అని. అంతదాక మాకు ఆ సంగతే తెల్వదు, లీడరంటే పెద్దోడు, తవ్విస్తడనుకుంటిమి. నీ మాటకు నవ్వినం. నమ్మింది ఆయన మాటనే."